రోస్కోఫ్ ఊరి డాలును అచ్చుగా చెక్కిన నా అనుభవం

మా నాన్న పెడనలో కలంకారీ అచ్చులు చెక్కుతారు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని ఉలి పట్టడం నేర్చుకున్నాను కానీ, చదువు నన్ను సముద్రపు నాచు వైపు మళ్లించింది. ఆ నాచు మీద పరిశోధన కోసమే ఫ్రాన్స్ వాయవ్య కొసన, బ్రిటనీ ప్రాంతంలో, ఇంగ్లిష్ చానల్ ఒడ్డున ఉన్న రోస్కోఫ్ అనే చిన్న ఊళ్లో రెండేళ్లు ఉన్నాను. 1872లో ఆన్రీ ద లకాజ్-ద్యుతియే అనే జంతుశాస్త్రజ్ఞుడు నెలకొల్పిన సముద్ర జీవశాస్త్ర కేంద్రం ఆ ఊళ్లో ఉంది. నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు బడిలో చరిత్ర పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దావిడ. ఊరు విడిచి వచ్చేముందు ఆవిడకు నా చేత్తో చేసిన వస్తువేదైనా ఇవ్వాలనిపించింది. ఆ ఊరి డాలు చిహ్నాన్ని మా ఇంటి పద్ధతిలో చెక్క అచ్చుగా చెక్కి, నూలు గుడ్డ మీద వేసి ఇద్దామనుకున్నాను. మూడు వారాల్లో అయిపోతుందనుకున్న పనికి ఒక శీతకాలమంతా పట్టింది.

ఐరోపాలో ఊళ్లకు, వంశాలకు ఇలాంటి డాలు చిహ్నాలు ఉండటం తెలిసిన విషయమే. మన తూర్పు చాళుక్యుల రాగి శాసనాల ముద్రలపై వరాహం, అంకుశం, సూర్యచంద్రులు ఉన్నట్టే, అక్కడ డాలు ఆకారంలో గుర్తులు ఉంటాయి. రోస్కోఫ్ డాలు చూడటానికి సులువుగానే ఉంటుంది. నీలి రంగు మీద తెల్లని ఓడ, కింద తెల్లని అలలు, తెరచాపల మీద నల్లని చిన్న చిన్న గుర్తులు, డాలు పైభాగంలో అడ్డంగా మళ్లీ అవే నల్లని గుర్తులున్న తెల్లని పట్టీ. దొరికిన బొమ్మలు నాలుగు సేకరించి, వాటిలో అందంగా ఉన్నదాన్ని పల్చటి కాగితం మీదికి ఎత్తి, పెద్దావిడకు చూపించాను. ఎవరికోసమో మాత్రం చెప్పలేదు. ఆవిడ కాగితాన్ని చాలాసేపు చూసి, "మీరు బొమ్మను చూసి బొమ్మ గీశారు. డాలును అలా గీయరు, వాక్యాన్ని చూసి గీస్తారు" అని, కాగితం వెనుక ఒక వాక్యం రాసి ఇచ్చారు. ఫ్రెంచిలో ఉన్న ఆ వాక్యాన్ని తెలుగులో ఇలా చెప్పుకోవచ్చు: "నీలి తలంపై, వెండి అలల మీద తేలే, సరంజామాతో కూడిన వెండి ఓడ, విప్పిన తెరచాపలు ఎర్మిన్, శిరోభాగమూ ఎర్మినే."

డాలు అంటే ఆ వాక్యమే. అందులో వెండి అంటే తెలుపు, ఎర్మిన్ అంటే నల్లని గుర్తులున్న ఆ తెలుపు. ఓడకు ఎన్ని స్తంభాలుండాలో, అలలు ఎన్ని వరుసలుండాలో, నీలం ముదురుగా ఉండాలో లేతగా ఉండాలో వాక్యం చెప్పలేదు కనుక అవన్నీ గీసేవారి ఇష్టం. వాక్యం చెప్పినదాన్ని మాత్రం వెంట్రుకంత కూడా మార్చకూడదు. నేను సేకరించిన నాలుగు బొమ్మల్లోనూ ఓడ నాలుగు రకాలుగా ఉండటం చూసి ఏది అసలుదో తెలియక తికమకపడ్డాను గానీ, నాలుగూ సరైనవేనని అప్పుడు అర్థమైంది. మన శిల్పులకు ధ్యానశ్లోకం ఎలాంటిదో వీళ్లకు ఈ వాక్యం అలాంటిది. ఏ చేతిలో శంఖం, ఏ చేతిలో చక్రం అన్నది శ్లోకం చెబుతుంది. ముక్కు తీరు, నడుము వంపు శిల్పి చెయ్యి చెబుతుంది. ఈ పోలిక మనసులో పడ్డాక నాకు పని మీద భయం పోయి, గౌరవం పెరిగింది.

వాక్యంలోని మాటల్ని ఒక్కొక్కటిగా ఆవిడ దగ్గర చదువుకున్నాను. ప్రతి శనివారం మధ్యాహ్నం వంటగదిలో బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. ముందు ఓడ. రోస్కోఫ్ బతుకంతా ఓడమీదే గడిచింది. ఉప్పు, ద్రాక్షసారా, అవిసె విత్తనాలు, నార బట్టలు ఆ రేవు మీదుగా రాకపోకలు సాగించాయి. 18వ శతాబ్దంలో ఎదురుగా ఉన్న ఇంగ్లండ్ తీరానికి సుంకం ఎగ్గొట్టి సారాయి, తేయాకు తరలించిన పడవలకూ అది పేరుపొందిన స్థావరం. 1828 నుంచి రోస్కోఫ్ రైతులు తమ గులాబి రంగు ఉల్లిపాయలను ఓడల్లో ఇంగ్లండ్ తీసుకుపోయి, జడలుగా అల్లి, ఇల్లిల్లూ తిరిగి అమ్మారు. వాళ్లను ఆంగ్లేయులు 'జానీలు' అని పిలిచేవారు. ఆవిడ తాతగారు కూడా అలా వెళ్లినవారేనట. అందుకే ఆవిడ 'ఓడ' అన్న మాట పలికినప్పుడు ఆ గొంతులో పాఠం చెప్పే ధోరణి ఉండేది కాదు.

నా ఓడకు ఏ రూపం ఇవ్వాలన్న ప్రశ్నకు జవాబు ఊళ్లోనే దొరికింది. అక్కడి నోత్ర్ దామ్ ద క్రోవాజ్ బాజ్ చర్చి 16వ శతాబ్దానిది. ఓడల యజమానులు, వర్తకులు డబ్బు పెట్టి కట్టించుకున్న గుడి కావడం వల్ల దాని బయటి గోడల మీద రాతి ఓడలు చెక్కి ఉన్నాయి. గంటల గోపురం నుంచి రాతి ఫిరంగులు బయటికి తొంగి చూస్తుంటాయి. ఉప్పుగాలికి నాలుగు వందల ఏళ్లకు పైగా అరిగి, అంచులు మెత్తబడి, నాచు పట్టిన ఆ రాతి ఓడను మూడు సాయంత్రాలు ఎదురుగా నిలబడి గీసుకున్నాను. డాలులో ఉన్నది ఏదో ఒక ఓడ అనుకోవడం కంటే, ఆ ఊరి గోడ మీదే ఉన్న ఓడను ఎత్తుకోవడం న్యాయమనిపించింది.

తరువాత ఎర్మిన్. ఇది రంగు కాదు, లోహం కాదు, బొచ్చు తోలు. ముంగిసను పోలిన ఒక చిన్న జంతువు శీతకాలంలో ఒళ్లంతా తెల్లబడుతుంది. తోక కొస మాత్రం నల్లగానే మిగులుతుంది. అలాంటి తోళ్లను కలిపి కుట్టి ప్రభువులు అంగీలు తొడిగేవారు కనుక, తెలుపు మీద నల్లని తోక కొసలు వరుసగా కనిపించేవి. డాలు మీది నల్లని గుర్తు ఆ తోకే. దాని తలమీదుండే మూడు చుక్కలు తోకను తోలుకు బిగించిన కుట్లు. 1213లో బ్రిటనీ ప్రభుత్వాన్ని చేపట్టిన పియెర్ ద ద్ర్యో తన డాలు మూలన ఈ ఎర్మిన్‌ను తెచ్చుకున్నాడు. 1316లో డ్యూక్ మూడవ జాన్ డాలునంతా ఎర్మిన్‌తో నింపేశాడు. అప్పటినుంచి ఎర్మిన్ అంటే బ్రిటనీయే. 1532లో ఆ రాజ్యం ఫ్రాన్స్‌లో కలిసిపోయినా, ఊళ్ల డాళ్ల మీద, 1920ల నాటి బ్రెటన్ జెండా మీద ఆ గుర్తు నిలిచే ఉంది. మురికిలో అడుగుపెట్టడం కంటే వేటగాడి చేతిలో చావడమే మేలని ఆ జంతువు ఆగిపోయిందని అక్కడ ఒక కథ చెబుతారు. 'మలినపడటం కంటే మరణం మేలు' అన్న బ్రిటనీ నినాదం ఆ కథ నుంచి విడదీయలేనిది. కాబట్టి రోస్కోఫ్ డాలులో తెరచాపల మీద, తల మీద ఎర్మిన్ ఉండటానికి అర్థం ఒకటే: ఈ ఓడ ఎక్కడికి వెళ్లినా బ్రిటనీ ఓడ.

నీలానికి, వెండికి అర్థమేమిటని అడిగాను. నీలం విశ్వాసానికి, వెండి స్వచ్ఛతకు గుర్తులని చెప్పే పట్టికలు చాలాచోట్ల కనిపిస్తాయి. ఆవిడ వాటిని ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. అలాంటి అర్థాలు గ్రంథకర్తలు తరువాత అతికించినవి. రంగుల అసలు పని దూరం నుంచి గుర్తుపట్టేలా చేయడం. అందుకే లోహం మీద లోహం, రంగు మీద రంగు ఉండకూడదన్న నియమం పుట్టింది. వెండి, బంగారం లోహాలు. నీలం, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ రంగులు. నీలం మీద వెండి ఓడ ఎంత దూరానికైనా కనిపిస్తుంది. అయితే ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. అలలు నీలం కాదు, వెండి. సముద్రం నీలంగా ఉంటుందన్న అలవాటుతో నా మొదటి చిత్తులో అలలకు నీలం, వెనుక ఆకాశానికి తెలుపు పెట్టేశాను. డాలులో నీలం ఆకాశమూ కాదు, సముద్రమూ కాదు. అది తలం, అంతే. ఆ సాయంత్రం రేవు గట్టు మీదికి వెళ్లాను. పెద్ద పోటుల రోజుల్లో అక్కడ నీరు 8 మీటర్లకు పైగా ఎక్కి దిగుతుంది. ఆ రోజు ఆటు సమయం. బాట్జ్ దీవికి, ఊరికి మధ్య మిగిలిన సన్నని నీటిపాయ మీద మబ్బు చాటు వెలుగు పడి, నీరంతా తగరపు రేకులా తెల్లగా మెరుస్తోంది. వాక్యంలోని 'వెండి అలలు' అన్న మాట నాకు ఆ తరువాత పరాయిగా అనిపించలేదు.

అచ్చు విషయానికి వస్తే, నా దగ్గర ఒకే రంగు ఉంది, నలుపు. మరి నీలం ఎలా చూపాలి? ఈ చిక్కును 17వ శతాబ్దపు అచ్చు పనివారే ఎదుర్కొని పరిష్కరించుకున్నారు. నలుపుతోనే ముద్రించే పుస్తకాల్లో రంగులు చూపడానికి గీతల పద్ధతి ఒకటి ఏర్పడింది. సిల్వెస్టర్ పెట్రా సాంక్టా అనే జెసూట్ గురువు 1638లో దాన్ని స్థిరపరిచాడు. నిలువు గీతలు ఎరుపు. అడ్డగీతలు నీలం. చుక్కలు బంగారం. ఏమీ లేకుండా వదిలేస్తే వెండి. అచ్చు చెక్కేవాళ్ల కూతురిగా నాకు ఆ పద్ధతి ఎంత నచ్చిందో చెప్పలేను. డాలు తలమంతా సన్నని అడ్డగీతలతో నింపితే అది నీలం. ఓడ, అలలు ఉన్నచోట చెక్కను పూర్తిగా తీసేస్తే అది వెండి.

బేరి చెట్టు చెక్క తెచ్చి, నున్నగా చిత్రిక పట్టి, తెల్లరంగు పూసి, బొమ్మ ఎక్కించాను. పన్నెండు సెంటీమీటర్ల ఎత్తు డాలులో నలభై అడ్డగీతలు. ఒక్కో గీత మిల్లీమీటరు మందం. గీతకు రెండు పక్కలా ఉలితో గాటు పెట్టి, మధ్య చెక్కను పొట్టుపొట్టుగా లేపాలి. రాత్రి భోజనమయ్యాక రోజుకు రెండు గీతలు దాటేవి కావు. పదిహేనో గీత దగ్గర ఒక ముక్క పుటుక్కున విరిగింది. దాని పక్కది మర్నాడు విరిగింది. చెక్క నార నిలువుగా ఉండగా దానికి అడ్డంగా గీతలు లేపుతున్నానని నాకు తట్టలేదు. అయినా ఓపిక పట్టి పూర్తిచేసి, కాగితం మీద వేసి చూశాను. ఓడ కుడివైపుకు పోతోంది.

డాలులో కుడి ఎడమలు చూసేవారివి కావు, డాలు పట్టుకున్నవారివి. గర్భగుడిలో స్వామివారి కుడిచెయ్యి మనకు ఎడమవైపున ఉన్నట్టే, డాలు కుడి మనకు ఎడమ. ఓడ ఎటు పోతోందో వాక్యం చెప్పకపోతే దాని ముక్కు డాలు కుడివైపుకు, అంటే మన ఎడమకు, ఉండాలి. ఎదురు దిక్కుకు తిప్పాలంటే వాక్యంలో ఆ సంగతి చెప్పే మాట విడిగా ఉండాలి. అంటే నేను చెక్కినది రోస్కోఫ్ డాలు కాదు. డాలు కుడి, నా కుడి, అచ్చు మీద తిరగబడే కుడి, వీటికి తోడు తిప్పి అతికించిన పల్చటి కాగితం; ఇన్ని మలుపుల్లో లెక్క తప్పాను. ఆ రాత్రి చాలా దిగులుగా నాన్నకు ఫోన్ చేశాను. ఫోనులోనే అచ్చు చూపించమని, చూసి, "గీతలు చెక్క నార వెంబడి పోవాలమ్మా. చెక్కను పక్కకు తిప్పుకుని మొదలుపెట్టు. ఇంక ఎటు పడుతుందని లెక్కలు కట్టకు. గుడ్డ మీద పడాల్సిన బొమ్మను అద్దానికి చూపించు, అద్దంలో కనిపించేదే చెక్కు" అన్నారు. కాసేపు ఆగి, "ఓడ బాగుంది. తాళ్లు ఇంకా సన్నంగా రావాలి" అన్నారు. నాన్న నోట 'బాగుంది' అన్న మాట తేలిగ్గా రాదు. మర్నాడే రెండో చెక్క తెచ్చుకున్నాను.

రెండో అచ్చుకు నెలన్నర పట్టింది. ఈసారి గీతలు విరగలేదు. వెండి ఓడ వెండి అలల్లో కలిసిపోకుండా మధ్యన ఒక సన్నని అంచు గీత నిలపడం, ఎర్మిన్ తోకలను గీతల్లా కాకుండా నిండు నలుపుగా ఉంచడం ఇందులో కష్టమైన పనులు. తోకలు ఎన్ని ఉండాలో వాక్యం చెప్పదు. తోలును కత్తిరించి అతికించినట్టు ఉండాలి కనుక పట్టీ అంచుల దగ్గర కొన్ని తోకలు సగానికి తెగినా తప్పులేదని పెద్దావిడ చెప్పారు. అలా తెగిన తోకలు చెక్కాకే ఆ పట్టీ నిజంగా ఒంటికి చుట్టిన తోలులా కనిపించింది.

నలుపు కూడా మా ఇంటి పద్ధతిలోనే చేశాను. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెడితే వచ్చే రంగు అది. పాత పడవలు బాగుచేసే ఒకాయన డబ్బా నిండా తుప్పు మేకులు ఇచ్చారు. ఎండ లేని ఊళ్లో ఆ కుండను గది వెచ్చబెట్టే రేకు పక్కన పెట్టి, రోజూ కలియబెడుతూ నెల రోజులు కాచుకున్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న కరక్కాయ పొడి నీళ్లలో గుడ్డను ముంచి ఆరబెట్టాను. తుమ్మ జిగురు కలిపిన రంగులో అచ్చును అద్ది గుడ్డ మీద ఒత్తి తీసినప్పుడు మొదట బూడిద రంగు మరక మాత్రమే కనిపిస్తుంది. కరక్కాయ ఇనుమును పట్టుకునేకొద్దీ కళ్లముందే అది నల్లబడుతుంది. ముందు ఓడ అంచులు, తరువాత తాళ్లు, చివరికి ఎర్మిన్ తోకలు ఒక్కొక్కటే తేలాయి. ఆ తోకల నలుపు ఆ రేవు పడవల మేకుల నుంచి వచ్చిందే.

అంతా అయ్యాక ఒక అనుమానం పట్టుకుంది. కరక్కాయ వల్ల గుడ్డ తెలుపు కాకుండా లేత పసుపుగా మారింది. పసుపు అంటే డాళ్ల భాషలో బంగారం. రోస్కోఫ్‌కు దగ్గరలోనే ఉన్న మోర్లే పట్టణం డాలు కూడా నీలం మీద ఓడే. తెరచాపలు కూడా ఎర్మినే. తలపట్టీ సంగతి అటుంచితే తేడా ఒక్క మాటలోనే ఉంది: మోర్లే ఓడ బంగారం, రోస్కోఫ్ ఓడ వెండి. నా గుడ్డ మీద ఉన్నది పొరుగూరి ఓడ అయిపోయిందా అని గుడ్డను ఉతికి, గట్టు మీద పరిచి, నీళ్లు చల్లుతూ రెండు రోజులు వెలుగులో ఉంచాను. కొంత పసుపు పోయింది, కొంత మిగిలింది. గీతల పద్ధతిని మళ్లీ తలచుకున్నాక మనసు కుదుటపడింది. బంగారమైతే చుక్కలు ఉండాలి. నా ఓడలో చుక్క లేదు. గుడ్డ ఏ రంగులో ఉన్నా అది వెండే.

గుడ్డ ఇచ్చేటప్పుడు ఇంకో సంగతి కూడా నా మనసులో ఉంది. 1669లో ఫ్రెంచివారు మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నారు. మన తీరం నుంచి వెళ్లిన అద్దకపు నూలు బట్టలకు ఫ్రాన్స్‌లో ఎంత గిరాకీ ఉండేదంటే, అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్లను కాపాడటానికి 1686 నుంచి 1759 వరకు వాటిని నిషేధించారు. అలాంటి గుడ్డ మీద ఫ్రెంచి రేవు ఊరి డాలును పెడన అమ్మాయి వేసి ఇవ్వడం నాకు చిన్న విషయం కాదు. ఆవిడకు ఈ మాట చెప్పాను. చరిత్ర చెప్పిన మనిషి కనుక నిషేధం ఏడాదితో సహా ఆవిడే అందుకున్నారు.

ఆ తరువాత కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డను వంటగది బల్ల మీద పరిచి, అడ్డగీతల మీద వేలు నడిపిస్తూ "నీలి తలంపై" అని మొదలుపెట్టారు. అచ్చులో నీలం లేదు. వేలు ఓడ దగ్గర ఆగింది. ఖాళీగా ఉన్న చోట తడిమి "వెండి ఓడ" అన్నారు. అలలు, తెరచాపలు, తలపట్టీ వరుసగా చదువుకుంటూ, ఆ మొదటి శనివారం కాగితం వెనుక రాసిచ్చిన వాక్యాన్ని మాట కూడా మారకుండా గుడ్డ మీద నుంచి తిరిగి చెప్పారు. చివరికి డాలు కింద నేను చెక్కిన రెండు మాటల దగ్గరికి వచ్చారు. బ్రెటన్ భాషలో ఆ ఊరి పేరు రోస్కో; దాన్ని విరిస్తే 'రో, స్కో', అంటే 'ఇవ్వు, కొట్టు'. ఊరి నినాదమే ఊరి పేరులో శ్లేషగా ఒదిగి ఉంది. ఆవిడ మొదటి మాట మీద వేలు పెట్టి, నా వైపు చూసి, "రో" అని మాత్రం పైకి చదివారు.